మిద్దెకు పిట్టగోడ కట్టుకున్నామా?



పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనాన్ని మనలో చాలామంది నిలిచి చదవకుండానే దాటిపోతాం. పైకి చూస్తే అది మేస్త్రీకి చెప్పిన మాటలా ఉంటుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలని, అలా కట్టించకపోతే అక్కడినుంచి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటివారిదే అవుతుందని ఆ వచనం సారాంశం. దేవుని ధర్మశాస్త్రంలో పిట్టగోడ సంగతి ఎందుకు వచ్చింది? ఈ వారం మన పాఠం అదే.

ఈ వచనం మన రాయలసీమవారికి వివరించి చెప్పనక్కరలేదు. ఆ దేశంలోనూ మిద్దెలే, మన దేశంలోనూ మిద్దెలే. ఎండాకాలం వచ్చిందంటే పక్కలు మిద్దెమీదే. మిరపకాయలు ఎండబోసేది, వడియాలు పెట్టేది, పిల్లలు గాలిపటాలు ఎగరేసేది అక్కడే. పిట్టగోడ లేని మిద్దె ఎంత ప్రమాదమో మన తల్లులకు బాగా తెలుసు.

ఈ చిన్న ఆజ్ఞలో మూడు విషయాలు గమనించండి.

మొదటిది: పిట్టగోడ ముఖ్యంగా ఇతరుల కోసం. ఇంటి యజమానికి తన మిద్దె అంచు ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు. తెలియనిది చుట్టానికి, పసిబిడ్డకు, చూపు తగ్గిన ముసలమ్మకు. రెండవది: "నేను తోయలేదు కదా" అని తప్పించుకోవడానికి వీల్లేదు. చేయదగిన జాగ్రత్త చేయకపోవడం కూడా దేవుని యెదుట లెక్కకు వస్తుంది. మూడవది: గోడ కట్టవలసింది ఎవరూ పడకముందే. పడ్డ తరువాత కట్టిన గోడ పడినవారికి అక్కరకు రాదు.

ఐదవ ఆజ్ఞ హత్య చేయరాదని చెబుతుంది. చేతిలో కత్తి పట్టుకోలేదు కాబట్టి ఆ ఆజ్ఞను మీరలేదని మనం నిశ్చింతగా ఉంటాం. కాని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఇదే ఐదవ ఆజ్ఞ కింద ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని కాపాడుకోవడం గురించి బోధిస్తూ, తాగి గాని వేగంమీది మోజుతో గాని దారిలో తమకూ ఇతరులకూ అపాయం తెచ్చేవారు ఘోరమైన దోషానికి పాత్రులవుతారని హెచ్చరిస్తుంది (2288–2290 సంఖ్యలు చూడండి). కాబట్టి ముందుజాగ్రత్త అనేది ప్రభుత్వంవారి పోస్టరు మీద మాత్రమే ఉండవలసిన మాట కాదు. మన ఆత్మపరిశీలనలో ఉండవలసిన మాట.

"దేవుడే చూసుకుంటాడు"

ఈ మాట మన ఇళ్లలో తరచు వినబడుతుంది. నిజమైన విశ్వాసంతో అన్నప్పుడు ఇది గొప్ప ప్రార్థన. బద్ధకంతో అన్నప్పుడు ఇది శోధన. ఎలా అంటారా? మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సైతాను యేసుప్రభువును దేవాలయ శిఖరంమీద నిలబెట్టి, కిందికి దూకమన్నాడు. దేవదూతలు పట్టుకుంటారని లేఖనాన్ని కూడా ఎత్తి చూపాడు. ప్రభువు దూకలేదు. దేవుని శోధించరాదన్న లేఖనంతోనే జవాబు చెప్పాడు.

హెల్మెట్ ఇంట్లో వదిలేసి, మెడలో జపమాల వేసుకుని బయలుదేరే యువకుడు ఒకసారి ఆలోచించాలి. పొంగిపొర్లే వాగులోకి సిలువ గుర్తు వేసుకుని ఆటో దింపే డ్రైవరు ఆలోచించాలి. అది విశ్వాసమా, దేవుని శోధించడమా?

పునీత జోజప్పగారిని చూడండి. హేరోదు బిడ్డను చంపబోతున్నాడని కలలో హెచ్చరిక వచ్చింది. తెల్లవారేదాకా ఆగుదామనలేదు. ఆ రాత్రే లేచి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయలుదేరాడు. బిడ్డ సాక్షాత్తు దేవుని కుమారుడైనా, దేవుడు ఆ బిడ్డను కాపాడింది ఒక తండ్రి వినే చెవులవల్ల, నడిచే కాళ్లవల్ల. వివేకాన్ని శ్రీసభ నాలుగు మూల సుగుణాలలో ఒకటిగా ఎంచడానికి కారణం ఇదే.

మన నేల సంగతి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం రెండు కొండల వరుసల మధ్యనున్న పల్లం. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. నడుమ కుందూ నది ఉత్తరాన్నుంచి దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నంద్యాల పట్టణానికి కుందూతోపాటు మద్దిలేరు, చామకాల్వ ఉన్నాయి. ఆళ్లగడ్డకు వక్కిలేరు ఉంది. వీటికి తోడు కె.సి. కాలువ, తెలుగుగంగ కాలువ. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ వాగులు చూసి ఎవరూ భయపడరు. పశువులు దాటుతుంటాయి, పిల్లలు ఆడుకుంటుంటారు. మన ప్రమాదమంతా అక్కడే ఉంది.

కొండమీద కురిసిన వాన కొద్ది గంటల్లో పల్లానికి దిగుతుంది. మన ఊళ్లో చుక్క పడకపోయినా మన వాగు పొంగవచ్చు. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతంలో కురిసిన భారీ వర్షాలకు కుందూ, వాగులు పొంగి పొలాలు మునిగాయి. నల్లమల పాదంలోని మహానంది ఆలయంలోకి నీరు చేరింది. 2009 అక్టోబరు 2న మన మేత్రాసన కేంద్రమైన కర్నూలునే తుంగభద్ర, హంద్రి ముంచెత్తాయి. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలులో జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పొరుగున ఉన్న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతంలోని ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఈ మూడు సంఘటనలూ నేర్పే పాఠం ఒకటే. ఇంతకుముందు ఎన్నడూ నీరు రాలేదన్న మాట రేపటికి హామీ కాదు.

హెచ్చరిక విని కదిలితే మేలు జరుగుతుందా? మన రాష్ట్ర చరిత్రే జవాబు చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మేలో మరొక పెనుతుఫాను కోస్తాను కొట్టింది. ఈసారి ముందే హెచ్చరికలు అందాయి, లక్షమందికి పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు వెయ్యిలోపు ఆగాయి. అదీ పెద్ద దుఃఖమే. కాని ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలో ఎన్ని వేల కుటుంబాలు ఉన్నాయో ఊహించండి. ఆ ప్రాణాలను నిలిపింది, ముందే కట్టిన పిట్టగోడ.

కాబట్టి వానకాలం మొదలుకాక ముందే ప్రతి ఇంట్లో ఈ పనులు జరగాలి.

– ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, జ్ఞానస్నాన పత్రం – ఇవన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి, చేతికందే ఎత్తులో ఉంచండి.
– అదే సంచిలో రోజూ వాడే మందులు నాలుగు రోజులకు సరిపడా, టార్చిలైటు, కొంత డబ్బు, ముఖ్యమైన ఫోను నంబర్లు రాసిన కాగితం పెట్టండి. ఫోనులో చార్జింగు అయిపోతే నంబరు గుర్తుండదు.
– ఇల్లు వదలాల్సి వస్తే ఎక్కడ కలుసుకోవాలో పిల్లలతో సహా అందరికీ ఒకే చోటు చెప్పండి.
– బయలుదేరే ముందు కరెంటు మెయిన్ ఆపండి, గ్యాసు రెగ్యులేటరు మూయండి, పశువుల పలుపులు విప్పండి. కట్టుతో ఉన్న పశువు ఈదలేదు.

వాగు దాటే విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. వేగంగా పారే నీరు జానెడు లోతు కూడా లేకపోయినా పెద్దమనిషిని పడదోయగలదు. రెండడుగుల నీరు కార్లను సైతం తేల్చి ఈడ్చుకుపోతుంది. పైగా నీటి కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనబడదు. అవతలి ఒడ్డున పెళ్లి ఉన్నా, పూజ ఉన్నా, నీరు తగ్గేదాకా ఇవతలే ఆగండి. ఆ ఆదివారం పూజ తప్పినందుకు దేవుడు కోపించడు.

ఇంటి నాలుగు గోడల మధ్య

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఇంటిలోని ప్రమాదం రోజూ మన పక్కనే ఉంటుంది.

మట్టి మిద్దెలు: 2024 ఆగస్టులో చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు చనిపోయారు. ఇటువంటి పాత మిద్దెలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఏటా వానలకు ముందు కురవకుండా ఉండాలని మిద్దెమీద చౌడు పోస్తాం. పాత మట్టి తీయకుండా కొత్త మట్టి పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. నానితే ఇంకా పెరుగుతుంది. మోసే దూలాలేమో చెదలు తిని బలం తగ్గుతూ ఉంటాయి. దూలం వంగినా, గోడలో దూలం కింద చీలిక కనబడినా, పైనుంచి మట్టి రాలుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. ముసురు పట్టిన రోజుల్లో పిల్లలను, పెద్దలను గట్టి కప్పు ఉన్న ఇంటికి పంపండి. పక్కింటివారు పిలవకముందే "మా ఇంట్లో పడుకోండి" అని పిలవడం క్రైస్తవ ధర్మం.

కరెంటు: తడిచేతితో స్విచ్చి వేయవద్దని పిల్లలకు చెబుతాం. దండెంకోసం ఇనుపతీగ కట్టి, దాని పక్కనే సర్వీసు వైరు లాగడం మాత్రం మానం. బట్టలారేసుకునే దండెం నైలాను తాడైతే చాలా ప్రాణాలు దక్కుతాయి. ఎవరికైనా షాకు కొడితే చేత్తో పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే ఎండు కర్రతో విడదీయండి.

గ్యాసు: వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, ఆపకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. రెగ్యులేటరు మూసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి.

పురుగుమందులు: పత్తికి, మిరపకు, వరికి మందు కొట్టే మన ఇళ్లలో ఇది పెద్ద సంగతి. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం పసిబిడ్డకు ఉరి బిగించడమే. మందు దాని డబ్బాలోనే ఉండాలి, ఆ డబ్బా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఎవరైనా పొరపాటున తాగితే బలవంతంగా వాంతి చేయించకుండా, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు వైద్యం సులువు. తాళంవల్ల ఇంకొక మేలు కూడా ఉంది. అప్పుల బాధలోనో కోపంలోనో ఒక్క క్షణం మనసు చెదిరినవారికి ఆ తాళం తీసేలోపు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

పాముకాటు: కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే నిర్లక్ష్యం చేస్తారు. కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం – ఇవన్నీ కాలయాపన, హాని. ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా బద్దతో ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. విషానికి విరుగుడు ఇంజెక్షను ఒక్కటే మందు. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నేలమీద పడుకునేవారు దోమతెర అంచులు చాపకిందికి దోపుకుంటే పాముకూ దోమకూ కూడా అడ్డే.

పశువులపాక: క్రిస్మసుకు ఇంటింటా పాక కడతాం. ఎండుగడ్డి, రంగుకాగితాలు, సీరియల్ బల్బులు, పక్కనే కొవ్వొత్తులు. అగ్గి అంటుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? పాకలో కొవ్వొత్తి పెట్టవద్దు. పడుకునే ముందు బల్బులు ఆపండి. పీఠంమీది కొవ్వొత్తి కూడా ప్రార్థన ముగియగానే ఆర్పండి.

దారిలో

కర్నూలునుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నెంబరు జాతీయ రహదారి మన ఊళ్లకు ఎంతో మేలు చేసింది. వేగం కూడా తెచ్చింది. 2024 మార్చిలో ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల దగ్గర ఆగి ఉన్న లారీని కారు ఢీకొని ఒకే కుటుంబంవారు ఐదుగురు మరణించారు. ఇలాంటి ప్రమాదాల్లో రెండు పాఠాలుంటాయి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు బండి నడపరాదు. బండి చెడిపోతే రోడ్డుమీద దీపం లేకుండా, గుర్తు లేకుండా వదిలి వెళ్లరాదు. మన రైతు సోదరులు ట్రాక్టరు ట్రాలీ వెనుక ఎర్రగా మెరిసే స్టిక్కరు అంటించుకుంటే కొద్దిపాటి ఖర్చుతో ఎన్నో ఇళ్లను కాపాడినవారవుతారు.

ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు, సెప్టెంబరులో వేళాంగణికి మన విచారణలనుంచి బస్సులు, వ్యాన్లు కట్టుకుని వెళ్లడం ఆనవాయితీ. వ్యాను మాట్లాడేటప్పుడు కిరాయి ఒక్కటే అడగకండి. రాత్రంతా నడిపే డ్రైవరుకు మార్చుకోవడానికి రెండో డ్రైవరున్నాడా? అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా? అద్దం పగలగొట్టే సుత్తి ఉందా? ఇవి అడగండి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక బస్సు, రోడ్డుమీద పడి ఉన్న మోటారుసైకిలును ఈడ్చుకుపోయి మంటల్లో చిక్కుకున్నప్పుడు 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. బండి ఎక్కగానే బయటపడే దారి ఎక్కడో చూసుకోవడం పిరికితనం కాదు.

ఇక దారిలో దెబ్బతిని పడి ఉన్నవారి మాట. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని కథ మనకు కంఠతా వచ్చు. అయినా దారిపక్కన రక్తం మడుగులో మనిషి పడి ఉంటే "పోలీసు కేసులో ఇరుక్కుంటాం" అని పక్కకు తొలగి పోయేవారమే ఎక్కువ. ఈ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షను సహాయం చేసినవారికి రక్షణ కల్పించాయి. మీ పేరు చెప్పమని బలవంతం చేయరాదు. సాక్షిగా ఉండమని ఒత్తిడి చేయరాదు. ఆసుపత్రిలో చేర్చినందుకు మిమ్మల్ని డబ్బు కట్టమనరాదు. ఆ చట్టంలో అటువంటివారికి పెట్టిన పేరు కూడా సువార్తలోనిదే – మంచి సమరీయుడు. సువార్త వినని న్యాయమూర్తులు, శాసనకర్తలు ఎందరో ఆ పేరును గౌరవించారు. ఆదివారం ఆదివారం వినే మనం పక్కకు తొలగిపోదామా?

విచారణకు విచారణే ఒక ఇల్లు

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వద్దాం. పిట్టగోడ ముఖ్యంగా ఇతరుల కోసమని మొదట అనుకున్నాం. మీ ఇల్లు భద్రంగా ఉన్నంతమాత్రాన మీ బాధ్యత తీరిందా?

మన విచారణల్లో పల్లెలు చాలా. విచారణ గురువులు కేంద్రంలో ఉంటారు, పల్లెకు పూజకోసం వచ్చి వెళతారు. అర్ధరాత్రి వాగు పొంగితే గురువులు వచ్చేదాకా ఆగలేం. అప్పుడు ఊళ్లో ఉండేది ఉపదేశి, సంఘపెద్దలు, యువతీయువకులు, తల్లులు. అందుకని ప్రతి గుడి పరిధిలోనూ వానకాలానికి ముందు ఒక సాయంత్రం కూర్చుని ఈ ఐదు పనులు తేల్చుకోవాలని మనవి.

1. ఒంటరి వృద్ధులు, మంచం పట్టినవారు, గర్భిణులు, చూపు లేనివారు, నడవలేని పిల్లలు – వీరి పేర్లు ఒక పుస్తకంలో రాయండి. ప్రతి పేరు ఎదుట, హెచ్చరిక రాగానే వెళ్లి తలుపు తట్టవలసిన ఇద్దరి పేర్లు రాయండి. ఇద్దరెందుకంటే ఒకరు ఊళ్లో లేకపోవచ్చు. "అందరూ చూసుకుంటారు" అన్నచోట ఎవరూ చూసుకోరు.

2. ఈ పట్టికలో మన సంఘంవారే కాక వీధిలోని అందరూ ఉండాలి. నీటికి హిందువు, ముస్లిము, క్రైస్తవుడు అనే భేదం లేదు. సమరీయుడు గాయపడినవాని కులం అడగలేదు.

3. గుడి, బడి గట్టి కట్టడాలైతే, మెరకమీద ఉంటే, ఆపదలో ఊరందరికీ తెరిచి ఉంచండి. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. తాగునీటి డ్రమ్ములు, మరుగుదొడ్డి, ఆడవారికి వేరుగా చోటు ముందే చూసుకోండి.

4. గుడిగంటను హెచ్చరికకు వాడుకోవచ్చు. పూజకు, మరణానికి కొట్టేదానికి భిన్నంగా ఒక తీరు నిర్ణయించి, ఊరందరికీ చెప్పి, ఏడాదికోసారి కొట్టి చూడండి. ఇటువంటివి సచివాలయం సిబ్బందితో, పంచాయతీతో మాట్లాడి చేయడం మంచిది.

5. యువతలో నలుగురైనా ప్రథమచికిత్స నేర్చుకోవాలి. మఠకన్యలు నడిపే వైద్యశాలలు, నర్సులుగా పనిచేస్తున్న మన ఆడబిడ్డలు ఒక్క ఆదివారం మధ్యాహ్నం నేర్పితే చాలు – రక్తం ఆపడం, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, విరిగిన ఎముకకు బద్ద కట్టడం.

పండుగల విషయంలో కూడా ఒక మాట. 2025 మార్చి 1న తమిళనాడులో కన్యాకుమారి జిల్లా ఇనయం పుత్తన్‌తురైలో చర్చి పండుగ ఏర్పాట్లలో ఇనుప నిచ్చెన కరెంటు తీగకు తగిలి నలుగురు చనిపోయారు. మన ఊళ్లలోనూ పండుగకు తేరు కడతాం, జెండాస్తంభం ఎత్తుతాం, నిచ్చెనలు వేసి తోరణాలు కడతాం. తేరు వెళ్లే వీధిలో తీగలెంత ఎత్తున ఉన్నాయో ముందురోజే చూసి, ఊరేగింపువేళ కరెంటు ఆపమని విద్యుత్ శాఖవారికి రాతపూర్వకంగా తెలపండి. ఎండల సంగతి సరేసరి. వేసవిలో 45 డిగ్రీలు దాటే మన నంద్యాల సీమలో పవిత్ర శుక్రవారం సిలువ మార్గం పొద్దున్నే పెట్టుకోవడం, దారిలో రెండుచోట్ల నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ ఉంచడం భక్తికి లోటు కాదు.

పరిశ్రమల దగ్గర ఉండేవారికి ఒక సూచన. 2020 జూన్ 27న నంద్యాలలోని ఒక పరిశ్రమలో అమ్మోనియా వాయువు లీకై ఒకరు మరణించారు. ఘాటైన వాసన వస్తే తడిబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకుని, గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, వాసన వచ్చే దారికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గాలికి ఎదురువైపుకు చేరుకోండి. గాలి వీచే దిక్కుకే పరుగెత్తితే వాయువు మీ వెంటే వస్తుంది.

గోడమీద రాసుకోవలసిన నంబర్లు

అన్ని అత్యవసరాలకు 112. అంబులెన్సు 108 (2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన సేవ ఇది). అగ్నిమాపక దళం 101. గ్యాసు లీకు 1906. కరెంటు ఫిర్యాదు 1912. జాతీయ రహదారిమీద సహాయం 1033. జిల్లా విపత్తు కంట్రోలు రూము 1077. పీఠం పక్కన, పిల్లలకు కూడా కనబడే ఎత్తులో రాయండి. ఫోను చేసినప్పుడు ఊరి పేరు, మండలం పేరు, దగ్గరి గుర్తు ముందు చెప్పండి. ఏడవడం తరువాత.

ఇంట్లో చర్చించుకోవడానికి

ఈ వారం ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన తరువాత ద్వితీయోపదేశకాండము 22:8, మత్తయి 4:5–7 చదివి ఈ ప్రశ్నలు అడుక్కోండి.

– మన ఇంట్లో "పిట్టగోడ లేని" చోటు ఏది? దాన్ని వచ్చే ఆదివారంలోపు ఎవరు సరిచేస్తారు?
– "దేవుడే చూసుకుంటాడు" అని మనం ఎప్పుడు విశ్వాసంతో అంటున్నాం, ఎప్పుడు బద్ధకంతో అంటున్నాం?
– ఈ రాత్రి వాగు పొంగితే మన వీధిలో ఎవరు తమంతట తాము లేచి నడవలేరు? వారి తలుపు తట్టేది ఎవరు?

చివరి ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాలేదంటే, ఆ పేరు మీదే కావచ్చు.

ప్రార్థన: ప్రాణదాతవైన తండ్రీ, మా ప్రాణమూ మా పొరుగువారి ప్రాణమూ నీ సొత్తు. వాటిని కాపాడే వివేకాన్ని, హెచ్చరిక వినే చెవులను, రాత్రివేళ లేచి నడిచే కాళ్లను మాకు దయచేయండి. పునీత జోజప్పగారు తమకు అప్పగించిన వారిని కాపాడినట్లే, మాకు మీరు అప్పగించిన వారిని మేము కాపాడుకొనునట్లు అనుగ్రహించండి. ఆమెన్.